పది నట్లు

మార్చి 2

ఈ రోజు నుంచి రాస్తాను. ఇంట్లో తిడితే మా ఆడపడుచు వింటుంది. డిపోలో తిడితే మేనేజరు వింటాడు. ఎక్కడో ఒకచోట తిట్టకపోతే నాకు నిద్ర పట్టదు.

డిపో బోర్డు మీద కాగితం అంటించారు. యాభై అయిదు దాటిన డ్రైవర్లు ఈ నెల ముప్పయ్యో తారీఖున మేనేజరు ముందు చక్రం మార్చి చూపించాలట. వెనక చక్రం. ఒంటరిగా. ముప్పావుగంటలో. చెయ్యలేనివాళ్ళకి గేటు దగ్గర కుర్చీ, రిజిస్టరు.

యాభై అయిదు దాటిన డ్రైవర్లు అంటే ఇద్దరం. నేనూ, మీసాలాయనా. ఆయనకి యాభై ఆరు, నాకు యాభై తొమ్మిది. ఆయన ఆ కాగితం కింద నుంచి పైకీ, పై నుంచి కిందకీ చదివి, "ఇంత రాతెందుకక్కా, మనిద్దరి ఫొటోలు అంటిస్తే సరిపోయేది" అన్నాడు.

ఇరవై ఆరేళ్ళుగా నీళ్ళ ట్యాంకరు నడుపుతున్నాను. దూరం దారి నాది. నూట అరవై కిలోమీటర్ల కంకర రోడ్డు, చివర రాళ్ళు కొట్టేవాళ్ళ కాలనీ, నలభై ఇళ్ళు. మధ్యలో ఫోను పలకదు, మనిషి కనపడడు. ఆ దారిలో ఎన్ని చక్రాలు విప్పానో, ఎన్ని బిగించానో నాకే గుర్తులేదు. ఇప్పుడు, నేను స్టీరింగు పట్టిన రోజుల్లో పలక పట్టుకున్న ఈ మేనేజరుకి చూపించాలట.

చూపిస్తాను.

మార్చి 4

చెయ్యి బాగానే ఉంది.

మార్చి 5

జుట్టు మెడ దాకా కత్తిరించేసుకున్నాను. ఎండలు ముదిరాయి కదా.

మా ఆడపడుచు చూసింది, ఏమీ అనలేదు. ముప్పై ఏళ్ళు టెలిఫోను ఆఫీసులో కూర్చుని ఊరందరి మాటలూ కలిపిన మనిషి. ఆమె ఏమీ అనలేదంటే ఏదో అన్నట్టే. మా ఆయన పోయాక ఈ రెండు గదుల్లో మేమిద్దరమే. కింద తాళాల కొట్టు. పొద్దున్నే ఆకురాయి గీకుతున్న చప్పుడుకి లేస్తాం.

నిన్న ఆమె దువ్వెన తెచ్చి నా వెనక నిలబడింది. ఎందుకు నిలబడిందో అడగలేదు. అందుకే ఇవాళ కత్తిరించేశాను.

ఎండలు కూడా ముదిరాయి.

మార్చి 7

మధ్యాహ్నం డిపోలో ఎవరూ లేనప్పుడు ఒకసారి చేసి చూసుకున్నాను. వెనక ఎడమ చక్రం. విప్పి, తీసి, మళ్ళీ ఎక్కించి బిగించాను. ముప్పావుగంట. చూసుకోండి!

మార్చి 8

ఇది ఎడమ చేత్తో రాస్తున్నాను. సరదాగా ఉంది. చిన్నప్పుడు కొట్టి మాన్పించారు గానీ నాకు రెండు చేతులూ ఒకటే.

మార్చి 11

మా ఆడపడుచు కళ్ళజోడు మార్పించుకోవాలంటే తోడు వెళ్ళాను. తీరా చూస్తే అది ఎముకల డాక్టరు గది.

డాక్టరు చిన్నపిల్ల. "ఆంటీ, చేతులు పైకెత్తండి" అంది.

"నేనేమైనా దొంగనా?" అన్నాను.

ఎడమది లేచింది. కుడిది భుజం దాకా వచ్చి అక్కడే ఆగింది. భుజం లోపల కండరం చిరిగిందట. ఫొటో తీసి చూపించింది. నాకేమో మబ్బు పట్టిన ఆకాశంలా కనపడింది.

"అయిదు కిలోలకి మించి ఎత్తకూడదు. మీరేం పని చేస్తారు?"

"ఇంట్లోనే ఉంటాను" అన్నాను.

మెట్లు దిగుతుంటే మా ఆడపడుచు చెయ్యి అందించింది. నేను పట్టుకోలేదు. "ఇంట్లోనే ఉంటావా వదినా? ఏ ఇంట్లో?" అంది.

ట్యాంకరు చక్రం నూట పది కిలోలు. ఆ సంగతి ఆ పిల్లకి చెప్పి ప్రయోజనం ఏముంది?

మార్చి 12

ఏడో తారీఖున రాసింది అబద్ధం. గంటా యాభై నిమిషాలు పట్టింది. ఎవరికోసం అబద్ధం రాశానో నాకే తెలియదు. ఇది నేను తప్ప ఎవరూ చదవరు కదా.

మార్చి 16

కాలనీలో, బండి కేబిన్‌లో కూర్చుని రాస్తున్నాను. ఇంకా వెలుతురుంది. ఇవాళ రాయకపోతే ఎప్పుడు రాస్తాను!

డెబ్బై నాలుగో కిలోమీటరు దగ్గర పేలింది. వెనక కుడివైపు, బయటి చక్రం. తుపాకీ పేలినట్టు చప్పుడు. వెంటనే బ్రేకు తొక్కలేదు, మెల్లగా పక్కకి తెచ్చి ఆపాను. దిగి చూస్తే టైరు పక్కభాగం నోరు తెరుచుకుని ఉంది. నిండు ట్యాంకరు, చుట్టూ బొమ్మజెముడు, తలమీద ఎండ. సరే రా, చూసుకుందాం అన్నాను టైరుతో.

ముందు, వెనక చక్రాలకి రాళ్ళు అడ్డం పెట్టాను. బండి నేల మీద ఉండగానే నట్లు వదులు చేశాను. స్పానరుకి పైపు తొడిగి, ఆ పైపు మీద ఎక్కి నిలబడ్డాను. చేతులకి పనేముంది? నా ఒంటి బరువు నాకెందుకూ పనికిరాదని ఇన్నాళ్ళూ అనుకున్నాను. పది నట్లూ ఒక్కొక్కటీ కీచుమంటూ కదిలాయి. ఇసుకలో దిగబడకుండా జాకీ కింద పలక వేశాను. ఎడమ చేత్తో ఇరవై సార్లు కొట్టి ఆగడం, మళ్ళీ ఇరవై కొట్టి ఆగడం.

పేలిన చక్రాన్ని లాగి పక్కకి దొర్లించాను. స్టెప్నీని కిందకి దించాక అది నేలమీద పళ్ళెంలా పడి ఉంది. దాన్ని నిలబెట్టడమే అసలు గొడవ. ముప్పై అయిదేళ్ళ వయసులో ఒక్క ఊపులో లేపేదాన్ని. ఇవాళ గునపంతో ఒక అంచు లేపి కింద రాయి దోపాను, ఇంకాస్త లేపి ఇంకో రాయి దోపాను. వీపు ఆనించే ఎత్తు వచ్చాక నేలమీద కూర్చుని, దానికి వీపు పెట్టి, కాళ్ళు తన్ని పట్టి వెనక్కి తోశాను. లేచింది! నేనూ దానితో పాటే లేచాను. అక్కడ ఎవరూ లేరు గనక గట్టిగా నవ్వాను.

బోల్టులకి ఎదురుగా దొర్లించుకుని వెళ్ళి, జాకీని వేలెడు వేలెడు దించుతూ బోల్టుల ఎత్తు చక్రం కన్నాలకి సరిచేశాను. టైరు కింద గునపం దూర్చి, కాలితో తొక్కితే చక్రం తనంతట తానే వెళ్ళి కూర్చుంది.

మధ్యలో ఒక ట్రాక్టరు ఆగింది. దానిమీద కుర్రాడు కాదు, నడివయసు మనిషే. "నేను చేస్తాను దిగండి" అన్నాడు, నేనేదో చెట్టెక్కి కూర్చున్నట్టు.

"నీ దారిన నువ్వు వెళ్ళు నాయనా, నాకు పనుంది" అన్నాను. వెళ్ళాడు.

రెండు గంటల పది నిమిషాలు. ఈసారి నిజమే రాశాను. ఒక్కదాన్ని. ఈ చేత్తో. కాలనీకి చేరేసరికి అందరూ రోడ్డుకి రెండు వైపులా డబ్బాలు పెట్టుకుని నిలబడి ఉన్నారు. నీళ్ళు ఎప్పటిలాగే వచ్చాయి. ఎవరికీ ఏమీ తెలియలేదు.

రమ్మనండి ఆ మేనేజరుని.

మార్చి 17

రెండు నట్లు లేవు.

మార్చి 21

నాలుగు రోజులు రాయలేదు. ఇప్పుడు రాస్తున్నాను.

కాలనీలో నీళ్ళతొట్టికి కాపలా ఉండే పిన్నికి డెబ్బై దాటాయి. తొట్టిలో కర్ర ముంచి ఎన్ని నీళ్ళొచ్చాయో కొలవడం ఆమె పని. ఈ లోకంలో నన్ను "అమ్మాయ్" అని పిలిచే మనిషి ఆమె ఒక్కతే. పదిహేడో తారీఖు పొద్దున బయలుదేరబోతుంటే ఆమె బండి చుట్టూ తిరిగి, వెనక చక్రం దగ్గర ఆగింది.

"అమ్మాయ్, దీనికి పళ్ళూడాయి" అంది.

దిగి చూశాను. పది బోల్టుల్లో రెండిటికి నట్లు లేవు. మూడింటిని వేళ్ళతో తిప్పితే తిరిగాయి. స్పానరుతో కాదు, వేళ్ళతో. మిగతావాటి చుట్టూ కొత్తగా రాసుకుపోయిన మెరుపు, ఎర్రటి పొడి.

కాలనీలోకి దిగేటప్పుడు పెద్ద వాలు ఉంది. ఆ వాలు చివరే రెండు వైపులా డబ్బాలు పట్టుకుని జనం నిలబడేది. ముందు రోజు నేను ఆ వాలు దిగాను. పదివేల లీటర్ల నీళ్ళతో, అయిదు నట్ల మీద దిగాను. హారన్ కూడా కొట్టాను, సంతోషంగా.

మిగతా చక్రాల్లో రెండిటి నుంచి ఒక్కో నట్టు తీసి దీనికి వేశాను. తిరుగు ప్రయాణంలో ప్రతి ఇరవై కిలోమీటర్లకి ఆగి బిగించాను.

పదహారో తారీఖున రాయని సంగతులు రెండున్నాయి. ఒకటి, బండిని నేలకి దించాక నట్లన్నిటినీ ఒంటి బరువు వేసి మళ్ళీ బిగించాలి. అప్పటికి నాకు కాళ్ళాడడం లేదు. ఎడమ చేత్తో లాగి చాల్లే అనుకున్నాను. రెండోది, చక్రం మార్చాక యాభై కిలోమీటర్లకి ఆగి మళ్ళీ బిగించాలి. ఏ నట్టయినా మొదట్లో కాస్త సర్దుకుంటుంది, ఎంత బలవంతుడు బిగించినా సరే. మీటరు నూట ఇరవై నాలుగు చూపించినప్పుడు నేను చూశాను. చూసి కూడా ఆగలేదు. ఇప్పటికే ఆలస్యమైంది, ఇంకా ఆలస్యమైతే ఎందుకని అడుగుతారు, అడిగితే ముసలిదైపోయింది అనుకుంటారు.

అందుకని ఆగలేదు.

మార్చి 22

మా ఆడపడుచుకి చెప్పాను. ఆమె బట్టలు మడతపెడుతోంది. చెప్పినంతసేపూ చేతిలో ఒకే తువ్వాలు పెట్టుకుని కూర్చుంది.

"పరీక్ష మానెయ్ వదినా" అంటుందనుకున్నాను. అలా అంటే పోట్లాడడానికి మాటలు కూడా సిద్ధం చేసుకున్నాను.

"ఆ సంగతి వాళ్ళకి చెప్పావా?" అంది.

"ఎవరికి?"

"డిపోలో. రేపు ఆ దారిలో ఇంకెవరైనా వెళితే?"

"అది నా చేతకానితనం. వాళ్ళకెందుకు?"

"నీ ఒక్కదానిదే అయితే సరే. మిగతావాళ్ళు ఆగుతున్నారా?"

నాకు తెలియదు. ఇరవై ఆరేళ్ళలో ఒక్కరిని కూడా అడగలేదు.

మా ఆయన గడియారాలు బాగుచేసేవాడు. సైకిలు చక్రం కూడా విప్పలేడు. కానీ ఏ గడియారమైనా బాగుచేశాక మూడు రోజులు తన దగ్గరే ఉంచుకుని గానీ ఇచ్చేవాడు కాదు. నేను వెక్కిరించేదాన్ని.

మార్చి 23

ట్రిప్పు షీటు రాసిచ్చాను. ప్రతి ట్రిప్పుకీ రాసేదే, "దారిలో ఇబ్బందులు" అన్న గడిలో ఇన్నేళ్ళూ "ఏమీ లేవు" అని రాసేదాన్ని. ఈసారి గడి చాలలేదు, కాగితం వెనక్కి తిప్పాను. టైరు పేలింది, మార్చాను, సరిగ్గా బిగించలేదు, యాభైకి ఆగలేదు, రెండు నట్లు పడిపోయాయి, మూడు వదులయ్యాయి. ఆ దారిలో ఆగి బిగించాలన్న రూలు డిపోలో ఎక్కడా రాసి లేదు, రాయాలి. కింద సంతకం.

మార్చి 24

మేనేజరు పిలిచాడు. తలుపు వేశాడు. కుర్చీ వేయించాడు. కుర్చీ వేయించాడంటేనే నాకు అర్థమైంది.

"ఇదేంటమ్మా ఇది?"

"ట్రిప్పు షీటు సార్."

"ఇది పైకి వెళితే ముందు నన్నడుగుతారు, తర్వాత మిమ్మల్ని తీసేస్తారు. ఎవరికి లాభం? దీన్ని చింపేద్దాం. ఇంకోటి రాసివ్వండి, ఎప్పటిలాగా." కాసేపు పెన్ను మూత తీసి పెడుతూ కూర్చున్నాడు. "ముప్పయ్యో తారీఖు గురించి బెంగపెట్టుకోకండి. మీరు స్పానరు పట్టుకుని నిలబడండి చాలు. పాసైనట్టు నేను రాస్తాను."

ఇక్కడ అబద్ధం రాయను. సరే అనబోయాను. నోటిదాకా వచ్చింది. దూరం దారి నాకే ఉంటుంది, గేటు తప్పుతుంది, ఎవరికీ ఏమీ తెలియదు. పదహారో తారీఖున కూడా ఎవరికీ ఏమీ తెలియలేదు.

రేపు చెప్తానని లేచి వచ్చేశాను.

మార్చి 25

చింపొద్దన్నాను.

మార్చి 30

ఎండ దంచేస్తోంది. డిపోలో అందరూ గోడ నీడన వరసగా నిలబడ్డారు, సినిమాకి వచ్చినట్టు. మేనేజరు టేబులు వేయించుకుని ఫోన్లో టైము పెట్టుకున్నాడు.

మీసాలాయన ముందు చేశాడు. నలభై ఒక్క నిమిషాలు. చప్పట్లు కొట్టారు. ఆయన చొక్కా పిండితే బకెట్టు నీళ్ళొచ్చేలా ఉంది. మీసం మాత్రం చెక్కుచెదరలేదు.

నా వంతు వచ్చింది. డాక్టరిచ్చిన కాగితం తీసి టేబులు మీద పెట్టి, ఎగిరిపోకుండా దానిమీద ఒక నట్టు పెట్టాను. "నా కుడి భుజం చిరిగింది సార్. అయినా చేస్తాను. ఎంతసేపు పడితే అంతసేపు చేస్తాను" అన్నాను.

చేశాను. పైపెక్కాను, కూర్చున్నాను, వీపుతో తోశాను. ఎవరో నవ్వారు. తర్వాత నవ్వడం ఆపేశారు. ఫోను గణగణ మోగింది.

"టైమైపోయింది. ఆపండమ్మా" అన్నాడు మేనేజరు.

"బండి జాకీ మీదుంది, చక్రం సగం ఎక్కింది. ఎలా ఆపమంటారు? మీరొచ్చి పట్టుకుంటారా?"

ఆయన రాలేదు. నేను ఆపలేదు. బండి దించాక పది నట్లూ ఎదురెదురుగా, ఒక్కొక్కదానిమీదా నిలబడి బిగించాను. రెండు గంటల అయిదు నిమిషాలు. అప్పటికి మేనేజరు ఏదో రాసేసుకుని లోపలికి వెళ్ళిపోయాడు.

"ఇంకా అవలేదు" అన్నాను మిగతావాళ్ళతో. "యాభై కిలోమీటర్లు తిప్పి తీసుకొస్తాను."

మీసాలాయన వచ్చి నా పక్క సీట్లో కూర్చున్నాడు. తిరిగొచ్చాక స్పానరు పెట్టి చూశాను. నాలుగు నట్లు పావు తిరుగు తిరిగాయి. ఆయన వంగి చూశాడు. లేచి తన బండెక్కి వెళ్ళిపోయాడు. గంటన్నర తర్వాత వచ్చి, నలభై ఒక్క నిమిషాల్లో మార్చిన తన చక్రానికి తనే స్పానరు పెట్టాడు.

అయిదు తిరిగాయి.

"నేనెప్పుడూ ఆగలేదక్కా" అన్నాడు. గోడ దగ్గరున్నవాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. వాళ్ళలో ముప్పై దాటనివాళ్ళు కూడా ఉన్నారు.

ఏప్రిల్ 1

ఉత్తరం ఇచ్చారు. పరీక్షలో తప్పాను. గేటు దగ్గర కుర్చీ. కింద "అంగీకరించాను" అని ఉన్నది కొట్టేసి "అంగీకరించలేదు" అని రాసి, సంతకం పెట్టి ఇచ్చేశాను. భుజం బాగయ్యేదాకా సెలవు రాశాను. బాగయ్యాక దూరం దారి కావాలని కూడా రాశాను.

ఏప్రిల్ 3

డాక్టరు పిల్లకి నిజం చెప్పాను. "నీళ్ళ ట్యాంకరు నడుపుతాను. ఇరవై ఆరేళ్ళుగా."

"మొన్న చెప్పొచ్చుగా ఆంటీ" అంది.

"మొన్న నువ్వు ఆంటీ అన్నావని కోపమొచ్చింది."

"ఇప్పుడూ అన్నాను కదా."

"ఇప్పుడు అలవాటైంది."

మూడు నెలల వ్యాయామాలు రాసిచ్చింది. గోడకి ఎదురుగా నిలబడి వేళ్ళతో పైకి పాకాలట, బల్లిలాగా.

ఏప్రిల్ 19

బల్లి బతుకు. ఇవాళ కంటి ఎత్తు దాకా పాకాను. మా ఆడపడుచు పక్కన కుర్చీలో కూర్చుని రేడియోలో క్రికెట్టు చెప్పినట్టు చెబుతోంది. "వేలు కదిలింది... ఆగింది... అయ్యో, జారింది!" నవ్వొచ్చి నిజంగానే జారాను.

మే 6

మీసాలాయన ఇంటికొచ్చాడు. దూరం దారి ఇప్పుడాయనే వెళుతున్నాడు. టైరు మార్చినప్పుడల్లా యాభైకి ఆగుతున్నాడట. ఆగిన ప్రతిసారీ ఏం తిరిగిందో షీటు వెనక రాస్తున్నాడట.

"నేనొక్కణ్ణే కాదక్కా. మిగతావాళ్ళూ రాస్తున్నారు. ఈ నెల రోజుల్లో పద్నాలుగు షీట్లు."

టీ తాగి, మీసం తుడుచుకుని, "ఆయన ఎన్ని చింపుతాడు?" అన్నాడు.

మే 11

మేనేజరు ఫోను చేశాడు. "ఇదంతా వాళ్ళకి నేర్పింది మీరేనా?"

"రాయడం వాళ్ళకి ముందే వచ్చు సార్."

మే 28

బోర్డు మీద కొత్త కాగితం అంటించారని మీసాలాయన చెప్పాడు. టైరు మార్చినవాళ్ళు యాభై కిలోమీటర్లకి ఆగి నట్లు బిగించి, ఆ సంగతి రాయాలి. అన్ని వయసులవాళ్ళూ. ముప్పావుగంట పరీక్ష కాగితం పీకేశారట. నా పేరు ఎక్కడా లేదు. మేనేజరు తనకే తట్టినట్టు రాశాడట. రాసుకోనీ.

జులై 8

డాక్టరు చెయ్యి ఎత్తమంది. ఎత్తాను. చెవి దాకా వచ్చింది, అంతకన్నా రాలేదు. "ఇక ఇంతేనేమో ఆంటీ" అంది. ఇంత చాలు. బండి నడపొచ్చని రాయించుకుని డిపోలో ఇచ్చాను, పరీక్షే పీకేశారు గనక కాదనలేకపోయారు.

జులై 14

దూరం దారి.

డిపోవాళ్ళు చక్రాలు ఎత్తే తోపుడుబండి ఒకటి ఇచ్చారు. చిన్న చిన్న చక్రాలతో చూడముచ్చటగా ఉంది. తొంభయ్యో కిలోమీటరు దగ్గర టైరు పేలింది, దాన్ని దించితే ఇసుకలో అది నాకన్నా ముందు దిగబడింది. దాన్ని తవ్వి తీయడానికే పావుగంట. పక్కన పడేసి నా గునపం, నా వీపు, నా రాళ్ళు తెచ్చుకున్నాను.

రెండు సార్లు కూర్చుని నీళ్ళు తాగాను. ఒకసారి బొమ్మజెముడు నీడలో పడుకున్నాను, లేవడానికి బద్ధకించాను కూడా. పది నట్లూ బిగించాక మళ్ళీ పదీ బిగించాను. నూట నలభై దగ్గర ఆగాను. ఒక నట్టు తిరిగింది. బిగించి, రాసుకుని, వాలు దిగాను.

కాలనీకి చేరేసరికి పొద్దు వాలింది. అందరూ డబ్బాల మీద కూర్చుని ఉన్నారు. పిన్ని కర్ర పట్టుకుని తొట్టి దగ్గర నిలబడింది.

"ఏమ్మాయ్, ఇంత ఆలస్యం?"

"చక్రం మార్చాను."

"ఎంతసేపు పట్టిందేమిటి?"

"మూడు గంటలు."

"మూడు గంటలా!" అంది పిన్ని, అందరికీ వినపడేలా. డబ్బాల మీద కూర్చున్నవాళ్ళు నా వైపు తిరిగారు.

"మూడు గంటలు" అన్నాను నేను, ఇంకా గట్టిగా. పైపు తగిలించి, నీళ్ళు వదిలాను.

పట్టనీ.